అగ్గిపెట్టె మీద ఇంజన్... అరచేతిలో రేసు కారు!

బ్లేడు, జిగురు, ఉప్పు కాగితం దగ్గర పెట్టుకున్నారా? లేకపోయినా పర్లేదు, ఆశ్చర్యపోవడానికి నోరుంటే చాలు! పాతకాలపు ప్లాస్టిక్ రేసు కారు కిట్ల లోకానికి సికింద్రాబాద్ నుంచే బండి తీస్తున్నాం. సీటు బెల్టు పెట్టుకోండి. అది కూడా మీరే కత్తిరించి అంటించుకోవాలి మరి!

ముందు మన ఊరి లెక్కలు

మీకు తెలుసా? 1/24 కిట్ అంటే అసలు కారులో 24 అంగుళాలు బొమ్మలో ఒక్క అంగుళం అవుతాయి. అలాగని బొమ్మ ఇరవై నాలుగు రెట్లే చిన్నదనుకునేరు! పొడవుతో పాటు వెడల్పూ ఎత్తూ కూడా తగ్గుతాయి కదా. 24ను 24తో, మళ్లీ 24తో గుణించండి... 13,824! ఒక్క కారు పట్టే జాగాలో 13,824 బొమ్మ కార్లు పేర్చేయొచ్చు. పార్కింగ్ తగాదాలకు ఇదొక్కటే శాశ్వత పరిష్కారం!

మన పాత అంబాసిడర్ పొడవు దాదాపు 4.3 మీటర్లు. 1/24లో అయితే? 18 సెంటీమీటర్లు! ఇంటిల్లిపాదీ పట్టిన బండి ఇప్పుడు పెన్సిల్ డబ్బాలో పడుకుంటుంది.

సికింద్రాబాద్ క్లాక్ టవర్ 1897లో ప్రారంభమైంది. ఎత్తు 120 అడుగులు. మన బొమ్మ కారు పక్కన దాన్నీ అదే లెక్కలో నిలబెడితే ఎత్తెంతో మీకు తెలుసా? సరిగ్గా 5 అడుగులు! టైము చూడ్డానికి మెడ ఎత్తే పనే లేదు. పొడుగువాళ్లయితే వంగి చూడాలి!

హుస్సేన్ సాగర్ బుద్ధుడు 58 అడుగుల ఏకశిల. 1/24లో 29 అంగుళాలు. డైనింగ్ టేబుల్ ఎత్తంతే! ఒడ్డుకు తేవడానికి పడవ అక్కర్లేదు, ఒక ఆటో మాట్లాడుకుంటే చాలు.

2023 ఫిబ్రవరి 11. భారత్‌లో మొట్టమొదటి ఫార్ములా-ఈ రేసు. ఎక్కడ జరిగిందో మీకు తెలుసా? ఇక్కడే! సికింద్రాబాద్‌కు అటు ఒడ్డున, సాగర్ పక్కన, సచివాలయం ముందు రోడ్ల మీద. 18 మలుపులు, 22 కార్లు. గెలిచింది ఫ్రాన్స్‌కు చెందిన జాన్ ఎరిక్ వెర్న్. అన్నీ బ్యాటరీ కార్లే కాబట్టి పొగ లేదు, పెట్రోలు బంకు దగ్గర క్యూ అసలే లేదు!

ఆ ట్రాక్ పొడవు 2.8 కిలోమీటర్ల పైచిలుకు. 1/24లోకి కుదిస్తే? దాదాపు 118 మీటర్లు! ఓ మోస్తరు అపార్ట్‌మెంటు చుట్టూ గీసేయొచ్చు. అయిదు మీటర్ల ఆ రేసు కారు 21 సెంటీమీటర్లకు దిగిపోతుంది. వాచ్‌మన్ ఒప్పుకుంటే సాయంత్రానికల్లా రేసు రెడీ!

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లో ఓ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కు ఆర్డరిచ్చారు. పసుపు రంగు, లోపల సింహాసనం! బండి చేరకముందే ఆయన కన్నుమూశారు. తర్వాతి దశాబ్దాల్లో అది తిరిగిందెంతో మీకు తెలుసా? 356 మైళ్లని చెబుతారు! ఇంతకీ హుజూర్ వారు కొన్నది బండా, షోకేసు బొమ్మా?

ఇంకో తమాషా. ఎయిర్‌ఫిక్స్ కంపెనీ 1950లలో తెచ్చిన తొలి కారు కిట్లలో ఒకటి ఏదో మీకు తెలుసా? 1911 నాటి రోల్స్ రాయిసే! సైజు 1/32. నిజాం గారికి వచ్చింది ఒక్క బండి. ఈ కిట్ కొన్న పిల్లలు మాత్రం వేలల్లో రోల్స్ రాయిస్ ఓనర్లైపోయారు!

చిన్నవి చేసేవాళ్లు సరే, పెద్దవి చేసేవాళ్ల సంగతి? హైదరాబాద్ బహదూర్‌పురాలో మ్యూజియం పెట్టిన సుధాకర్ 2005లో 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున మూడు చక్రాల సైకిల్ చేసి గిన్నిస్‌కెక్కారు. ఒక్కో పెద్ద చక్రం 17 అడుగులు! ఎక్కి తొక్కి మరీ చూపించారు. పంక్చరైతే వేసేవాడు నిచ్చెనతో రావాలి!

అదే మ్యూజియంలో వంకాయ కారు, బర్గర్ కారు, క్రికెట్ బంతి కారు కూడా ఉన్నాయి. అన్నీ నడుస్తాయి. వంకాయలో షికారు కెళ్లొచ్చే ఊరు ఇంకెక్కడుంది చెప్పండి?

కిట్లు పుట్టిన కథ

ప్రపంచంలో మొదటి ప్లాస్టిక్ మోడల్ కిట్లు ఎప్పుడొచ్చాయో మీకు తెలుసా? 1936లో, బ్రిటన్‌లో. బ్రాండు పేరు ఫ్రాగ్, అంటే కప్ప. అంతకుముందు అది చేసినవి ఎగిరే విమానాలు. ఈ ప్లాస్టిక్‌వి ఎగరవు. అందుకని వాటికి పెంగ్విన్ అని పేరెట్టారు. రెక్కలుండీ ఎగరని పక్షి కదా! కప్ప కడుపున పెంగ్విన్ పుట్టడం లోకంలో అదే మొదలు.

ఎయిర్‌ఫిక్స్ 1939లో పుట్టినప్పుడు చేసిందేంటి? కార్లా? విమానాలా? కాదు, గాలి ఊదే రబ్బరు బొమ్మలు! ఆ తర్వాత దువ్వెనలు! కిట్ల దాకా వచ్చేసరికి దేశానికంతటికీ తల దువ్వేసింది.

మరి దువ్వెనల కంపెనీ కిట్లలోకి ఎలా దిగింది? 1949లో ఫెర్గుసన్ వాళ్లు తమ ట్రాక్టర్‌కు చిన్న నమూనా చేసిమ్మన్నారు, సేల్స్‌వాళ్లు చేత్తో పట్టుకు తిరగడానికి. దాన్నే తర్వాత ముక్కలుగా విడగొట్టి డబ్బాలో పెట్టి అమ్మారు. విరగ్గొట్టి అమ్మి బాగుపడిన వ్యాపారం ఇదొక్కటే!

ఈమధ్య కొన్ని ఎయిర్‌ఫిక్స్ డబ్బాల మీద ఏం రాసుంటుందో మీకు తెలుసా? మేడ్ ఇన్ ఇండియా! లండన్ అబ్బాయి మురిసిపోతూ విప్పుతున్న డబ్బా మన దేశం నుంచే వెళ్లింది మరి.

అమెరికాలో కారు కిట్ల రారాజు ఏఎంటీని 1948లో స్థాపించినాయన ఇంజనీరు కాదు, మెకానిక్కూ కాదు. లాయరు! కోర్టులో వాదించి వాదించి, చివరికి ముక్కలన్నీ కలిపే పనిలో పడ్డారు.

ఆ కంపెనీ తొలి బొమ్మ కార్లు వెళ్లింది బొమ్మల దుకాణాలకు కాదు, ఫోర్డ్ షోరూములకు! పెద్ద కారు కొంటావా అని నాన్నను అడుగుతూనే చిన్న కారు కొడుకు చేతిలో పెట్టేవారు. ఇక నాన్న తప్పించుకునేదెట్లా?

మోనోగ్రామ్ 1945లో చెక్క కిట్లతో మొదలైంది. 1954లో పూర్తి ప్లాస్టిక్ కిట్ తెచ్చింది. ఏ బొమ్మతో శ్రీకారం చుట్టిందో మీకు తెలుసా? బుల్లి రేసు కారుతో! ముహూర్తం పెట్టిందే పరుగు పందెంలో అన్నమాట.

మన దేశం వెనకబడిందా? అబ్బే! ఇంగ్లండులో డింకీ బొమ్మ కార్లకు వాడిన అచ్చులే కలకత్తాకు వచ్చాయి. 1960ల చివర్లో వాటితో తీసిన లోహపు కార్ల పేరేంటో మీకు తెలుసా? నిక్కీ! డింకీకి కలకత్తాలో దొరికిన చెల్లెలు. ఇప్పుడు నిక్కీల కోసం విదేశీ సేకర్తలు వెతుక్కుంటున్నారు!

తమియా తమాషాలు

ఎఫ్1 కిట్లంటే ముందు గుర్తొచ్చే జపాన్ కంపెనీ తమియా 1946లో ఏం చేసేదో మీకు తెలుసా? దుంగలు కోసేది! అడితి నుంచి అడ్డదారిలో ఫార్ములా వన్‌కొచ్చేసింది.

1967లో హోండా ఆర్ఏ273 ఎఫ్1 కారును 1/12లో తెచ్చింది. బొమ్మ పొడవు ఇంచుమించు ఒక అడుగు. కొన్నవాడు సంతోషించాడు, షెల్ఫు ఏడ్చింది!

1976లో పోర్షే 934 కిట్ కోసం కంపెనీకి చెందిన షున్‌సాకు తమియా ఏం చేశారో మీకు తెలుసా? నిజం పోర్షే 911 ఒకటి కొన్నారు. తెచ్చి నట్టూ బోల్టూ సహా విప్పేశారు! కొలతలన్నీ తీసుకున్నారు. మళ్లీ బిగించబోతే... బిగిస్తే కదా! చివరికి పోర్షే మెకానిక్కులే రావాల్సి వచ్చింది. కిట్లు తయారుచేసే కంపెనీకే కిట్ కట్టడం రాలేదు!

కొన్న ఖర్చు రాబట్టాలిగా? అదే బాడీలో మోటారు పెట్టి రిమోట్ కారుగా అమ్మారు. తమియా తొలి రేడియో కంట్రోల్ కారు అదే! అప్పు తీర్చడానికి చేసిన పని కొత్త వ్యాపారమై కూర్చుంది.

ఆరు చక్రాల ఎఫ్1 కారు ఉండేదని మీకు తెలుసా? టైరెల్ పీ34! వెనక రెండు, ముందు బుల్లివి నాలుగు. 1976 జూన్ 13న స్వీడన్ గ్రాండ్ ప్రీలో మొదటి స్థానమూ రెండో స్థానమూ దానివే. ఆరు చక్రాలతో ఎఫ్1 గెలిచిన బండి ఇప్పటికీ అదొక్కటే. 1983 నుంచి ఎఫ్1లో నాలుగు చక్రాలకు మించి వద్దన్నారు. టైర్ల కొట్టువాడు ఎంత బాధపడ్డాడో!

తమియా 1/20 గ్రాండ్ ప్రీ కిట్ల వరసలో ఒకటో నంబరు ఎవరిదనుకున్నారు? ఆ ఆరు చక్రాల వింతదే! పాఠం మొదలుపెడుతూనే అన్నిటికన్నా కష్టమైన లెక్క ఇచ్చారన్నమాట.

1991లో లోటస్ ఎఫ్1 కార్ల మీద తమియా స్టిక్కర్! బొమ్మల కంపెనీ అసలు కారుకు స్పాన్సరు. సరే, ఆ కారుకు తమియా కిట్ చేసినప్పుడు డబ్బాలో ఏ స్టిక్కరు పెట్టిందో మీకు తెలుసా? తమియాదే! తన పేరు తానే చిన్నది చేసి అమ్ముకుంది.

తమియా ఉన్న షిజువోకా నగరంలో పోస్టు డబ్బా ఎలా ఉంటుందో మీకు తెలుసా? చట్రానికి అతుక్కున్న కిట్ ముక్కల్లా ఒకటి నిలబెట్టారు! ఉత్తరం వేయబోయి కటింగ్ ప్లయర్ కోసం జేబు తడుముకునేవాళ్లు ఉంటారేమో!

జిగురు గారడీ

మీకు తెలుసా? కిట్ జిగురు అసలు అతికించదు! రెండు ముక్కల అంచుల్నీ కరిగిస్తుంది. కరిగిన ప్లాస్టిక్ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ద్రావకం ఆవిరైపోయి, రెండూ ఒకే ముక్కవుతాయి. అంటే అది వెల్డింగ్! నిప్పు లేదు, నల్లద్దాలు లేవు.

అందుకే ముక్కకు ముందే రంగేసి తర్వాత జిగురు పూస్తే పట్టి చావదు. అంచున రంగు గీకితేనే పని. పెళ్లిచూపులకు పౌడరు రాసుకెళ్లి, పెళ్లికి కడుక్కు రమ్మన్నట్టుంది!

కిట్ బాడీ, పాత సీడీ డబ్బా, వినాయక చవితి మంటపంలో థర్మోకోల్... ఈ మూడూ ఒకే ప్లాస్టిక్ అని మీకు తెలుసా? పాలీస్టైరీన్! థర్మోకోల్లో మాత్రం 98 శాతం దాకా గాలే. మనం డబ్బులిచ్చి కొంటున్నది గాలిని!

చిన్న పరీక్ష. కిట్ ముక్కలు అతుక్కుని వచ్చే చట్రంలోంచి చిన్న పుల్ల తుంచి గ్లాసు నీళ్లలో వేయండి. మునుగుతుంది. గుప్పెడు ఉప్పు వేసి కలపండి. లేచి తేలుతుంది! ఈ ప్లాస్టిక్ మంచినీటి కన్నా ఒక్క పిసరు బరువు, చిక్కటి ఉప్పునీటి కన్నా తేలిక. నీళ్లు మాత్రం తాగకండి, పరీక్షలో అది లేదు.

పాత కిట్లలో టైర్లు చక్రాల్ని తినేస్తాయని మీకు తెలుసా? నిజం! వినైల్ టైరును మెత్తగా ఉంచే రసాయనం ఏళ్ల తరబడి మెల్లగా బయటికి ఊరుతుంది. తగిలిన చోటల్లా పాలీస్టైరీన్ చక్రం మెత్తబడి, జిడ్డుగా గుంట పడుతుంది. టైరు లాగితే దాని ముద్ర చక్రం మీద అచ్చుగుద్దినట్టు కనబడుతుంది. ఇంట్లోంచి కాలు బయటపెట్టకుండానే చక్రం అరిగిన బండి ఇదే!

కారు మీద గుర్తులు అంటించే డెకల్ కాగితం డబ్బాలో యాభై ఏళ్లుండి పచ్చబడింది. మందేంటో మీకు తెలుసా? ఎండ! కిటికీ అద్దానికి లోపలి నుంచి టేపుతో అంటించి కొన్నాళ్లు వదిలేస్తే పసుపు విరిగి తెలుపొస్తుంది. మే నెల సికింద్రాబాద్ ఎండతో మనకు జరిగిన మేలు ఇదొక్కటే!

కారు యాంటెన్నా కొనక్కర్లేదు. మిగిలిన చట్రం పుల్ల తీసుకోండి. కొవ్వొత్తి మంటకు కాస్త పైన పట్టి తిప్పండి. మధ్యలో మెరుపొచ్చి జారబోతుందనగా మంట నుంచి పక్కకు తీసి, రెండు చివర్లూ సమానంగా లాగండి. వెంట్రుకంత సన్నని తీగ వస్తుంది! మంటలోనే లాగారా? తీగ రాదు, వేలికి బొబ్బ వస్తుంది.

ఇంజన్ స్పార్క్ ప్లగ్ వైరు అసలు కారులో 7 మిల్లీమీటర్ల లావు. 1/24లో? 0.3 మిల్లీమీటర్లు! ఎక్కడ దొరుకుతుందో మీకు తెలుసా? మోటారు వైండింగ్ షాపులో చెత్త కింద పారేసిన రాగితీగలో! రాణిగంజ్‌లో అసలు కార్ల స్పేర్‌పార్ట్స్ కొనేవాళ్లు కొనుక్కోనీ, మన స్పేర్‌పార్ట్స్ ఊరికే వస్తాయి.

రంగు పూత మందం 0.1 మిల్లీమీటరు. ఏముందిలే అంటారా? 24తో గుణించండి. అసలు కారు మీద 2.4 మిల్లీమీటర్ల మందాన రంగు వేసినట్టు! అది పెయింటింగా, గోడకు ప్లాస్టరింగా?

మెరిసే క్రోమ్ బంపర్ మీదున్నది క్రోమియం కాదు. శూన్యంలో ఆవిరి చేసి పూసిన అల్యూమినియం పొర! బట్టల బ్లీచులో నానబెడితే ఊడిపోతుంది. వెండి అనుకున్నది వెలిసిపోయింది!

రంగెండాక నిగనిగలాడించడానికి పాత చేతులు ఏం వాడేవో మీకు తెలుసా? టూత్‌పేస్ట్! అందులో సన్నని గరుకు పొడి ఉంటుంది. కారు తళతళలాడుతుంది, నోరు కూడా ఉంటే పుదీనా వాసనొచ్చేది.

అతుకుల సందులు పూడ్చడానికి విదేశాల్లో ట్యూబు పుట్టీ కొంటారు. మన కొండపల్లి బొమ్మల వాళ్లు ఏం వాడతారో మీకు తెలుసా? మక్కు! చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. తెల్ల పొణికి కర్రతో చేసిన ఎడ్లబండికి, ఏనుగు అంబారీకి అదే అతుకు. ఫార్ములా వన్ పుట్టకముందే మన దగ్గర పుట్టీ ఉంది!

రికార్డుల సంత

ఇప్పుడు టైటిల్లో ఊరించిన సంగతి. కాస్‌వర్త్ డీఎఫ్‌వీ ఇంజన్ 1967లో దిగిన మొదటి రేసే గెలిచింది. మొత్తం ఎన్ని ఎఫ్1 విజయాలో మీకు తెలుసా? 155! అంతటి మహా ఇంజన్ పొడవు 545 మిల్లీమీటర్లు. 1/24లో 2.3 సెంటీమీటర్లు కూడా లేదు. సిరిసిల్ల నేతన్న అగ్గిపెట్టెలో చీర పెట్టాడు, మనవాడు అగ్గిపెట్టె మీద ఇంజన్ దించాడు!

ఇటలీ కంపెనీ పోచర్ 1/8 రోల్స్ రాయిస్ కిట్‌లో ముక్కలెన్నో మీకు తెలుసా? రెండు వేలకు పైనే! వాళ్ల ఆల్ఫా రోమియో రేసు కారుకైతే చక్రాల పుల్లలు ఒక్కొక్కటే గుచ్చాలి. కారు అయ్యేలోపు కళ్లజోడు నంబరు మారుతుంది.

2023 ఖతార్ గ్రాండ్ ప్రీలో మెక్‌లారెన్ జట్టు నాలుగు టైర్లు ఎంతసేపట్లో మార్చిందో మీకు తెలుసా? 1.80 సెకన్లు! కిట్ కట్టేవాడు నాలుగు టైర్లు తొడగడానికి రాత్రంతా కూర్చుంటాడు. కాకపోతే వాడొక్కడే, పైగా భోజనానికి రమ్మని మూడుసార్లు పిలుపులు!

లెబనాన్‌కు చెందిన నబీల్ కరమ్ 2011లో 27,777 మోడల్ కార్లతో గిన్నిస్ రికార్డు కొట్టారు. చాలదని 2016లో 37,777! కారుకు ఒక్క నిమిషం చొప్పున దుమ్ము తుడిస్తే తిండీ నిద్రా లేకుండా 26 రోజులు. పనిమనిషి జీతం అడక్కండి!

2009లో బ్రిటిష్ టీవీ వ్యాఖ్యాత జేమ్స్ మే, 1907 నాటి బ్రూక్‌లాండ్స్ రేసు ట్రాక్ ఉన్నచోటే బొమ్మ కార్ల ట్రాక్ వేయించారు. పొడవు 4.75 కిలోమీటర్లు! 1/32 లెక్కన అసలు కార్లకు అదెంతవుతుందో మీకు తెలుసా? 152 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి వరంగల్! మధ్యలో భువనగిరి దగ్గర టీకి ఆగాల్సిందే.

1961లో రెవెల్ కంపెనీ అమెరికా అణు జలాంతర్గామి కిట్ తెచ్చింది. ధర 2.98 డాలర్లు. అక్కడి నౌకాదళ అడ్మిరల్ రికోవర్ ఒంటికాలి మీద లేచారు. ఎందుకో మీకు తెలుసా? లోపలి వివరాలు అంత కచ్చితంగా ఉన్నాయట, రష్యావాళ్లు మూడు డాలర్లకే రహస్యం కొనేస్తారని! గూఢచారి జీతం కన్నా చవకే కదా.

ప్రపంచంలో అతి ఖరీదైన మోడల్ కార్లు ఎవరు చేస్తారో మీకు తెలుసా? ఎఫ్1 జట్లే! గాలి సొరంగంలో పరీక్షించే నమూనా అసలు కారులో 60 శాతానికి మించకూడదని నిబంధన. గాలి వేగం సెకనుకు 50 మీటర్లు దాటకూడదు. కోట్లు పోసి కారు చేసేవాళ్లు కూడా ముందు బొమ్మతో ఆడుకోవాల్సిందే!

అన్నిటికన్నా విడ్డూరం వినండి. కష్టపడి కట్టిన పాత కిట్ కన్నా, సీలు విప్పని డబ్బాకే ధరెక్కువ! పని చేసినవాడికన్నా చెయ్యనివాడికే విలువని ఆఫీసుల్లోనే అనుకున్నాం ఇన్నాళ్లూ.

ఇక ఆఖరి ప్రశ్న. 1/24 బొమ్మ కారు అసలు ఎఫ్1 కారులా గంటకు 300 కిలోమీటర్లు పోతున్నట్టు కనబడాలంటే ఎంత వేగంతో నడవాలో మీకు తెలుసా? 12.5 కిలోమీటర్లు, అంతే! సాయంత్రం ఆరింటికి ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర మన కార్ల స్పీడూ ఇంచుమించు అదే. కాబట్టి హారన్ ఆపి కాలరెగరేయండి... బొమ్మల లెక్కలో మీరిప్పుడు 300 మీదున్నారు!